కణం పక్కన థర్మామీటరు



మాస్టారి స్మారకోపన్యాసంలో సెల్‌ఫోన్ రేడియేషన్ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కొంచెం సందేహించారు. ఆయన పాఠాలు చెప్పిన రోజుల్లో ఈ ఊళ్లో ట్రంక్ కాల్ బుక్ చేసి గంటల తరబడి కూర్చునేవాళ్లం. అయినా ఈ విషయం ఆయనకు నచ్చేదనే నా నమ్మకం. ప్రాక్టికల్స్‌లో నీటి తొట్టె ఉష్ణోగ్రత రాయని రికార్డు మీద ఆయన సంతకం పెట్టేవారు కాదు. ఫలితం ఎంత ముచ్చటగా వచ్చినా సరే, "వేడి ఎంతో రాయకుండా ఇదేం రాశావురా?" అని పుస్తకం వెనక్కి తోసేసేవారు. ఫోన్ తరంగాలు మనిషి కణాలను ఏం చేస్తాయన్న పరిశోధన ఎన్నో ఏళ్లుగా తడబడుతున్నది ఎక్కువగా ఆ ప్రశ్న దగ్గరే.

"సెల్‌ఫోన్ వల్ల క్యాన్సర్ వస్తుందా, రాదా? ఒక్క ముక్కలో చెప్పండి" అని అడిగేవాళ్లు ఈ సభలోనూ ఉంటారు. ఒక్క ముక్కలో చెప్పేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. టవర్ల వల్ల పిట్టలన్నీ చచ్చిపోతున్నాయని 2018లో వచ్చిన '2.0' సినిమా చెప్పింది. ఆ సినిమా చూసినవాళ్లలో వందో వంతు మంది కూడా ఒక్క పరిశోధన వ్యాసం చదివి ఉండరు. అటుపక్క, ఫోన్ తరంగం ఏమీ చేయలేదు, చేయలేదంతే, అని కొట్టిపారేసే ఇంజినీర్లూ ఉన్నారు. ముందు వాళ్ల వాదనే విందాం. అందులో బలం ఉంది.

కాంతి అయినా, ఎక్స్‌రే అయినా, ఫోన్ తరంగం అయినా శక్తిని పొట్లాలు పొట్లాలుగానే ఇస్తుందని ఐన్‌స్టీన్ 1905లో చెప్పాడు. ఆ పొట్లమే ఫోటాన్. దాని శక్తి తరంగ పౌనఃపున్యాన్ని బట్టి ఉంటుంది. 900 మెగాహెర్ట్జ్ ఫోన్ తరంగంలో ఒక్కో ఫోటాన్ శక్తి, ఎలక్ట్రాన్ వోల్టును పది లక్షల భాగాలు చేస్తే అందులో నాలుగు భాగాలకు కూడా రాదు. డీఎన్‌ఏలో రెండు పరమాణువుల మధ్య బంధం తెగాలంటే మూడు నాలుగు ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, అంటే దాదాపు పది లక్షల రెట్లు. ఎండలోని అతినీలలోహిత కిరణానికి ఆ సత్తా ఉంది, ఎక్స్‌రేకు ఇంకా ఎక్కువ ఉంది. మామిడికాయ తొడిమ తెగాలంటే ఒక్క రాయైనా గట్టిగా తగలాలి. గుప్పెళ్ల కొద్దీ ఇసుక రోజంతా విసిరినా కాయ రాలదు. అసలు 37 డిగ్రీల ఒంటి వేడికి మన కణాల్లోని ప్రతి అణువూ ఎలాగూ కుదుపులు తింటూనే ఉంటుంది. ఆ కుదుపులో ఉన్న శక్తి ఫోన్ ఫోటాన్ శక్తికి ఏడు వేల రెట్లు.

ఇంకో లెక్క చెబుతాను. కణాన్ని చుట్టి ఉన్న పొర మందం ఏడెనిమిది నానోమీటర్లు. నాడీకణంలో ఆ పొరకు అటూ ఇటూ సుమారు 70 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. భాగించి చూడండి, మీటరుకు కోటి వోల్టుల విద్యుత్ క్షేత్రం తేలుతుంది. పుట్టినప్పటి నుంచీ ఆ క్షేత్రంలోనే మన కణాలు బతుకుతున్నాయి. ఫోన్లకు పెట్టిన గరిష్ఠ పరిమితి దగ్గర తల లోపల ఏర్పడే క్షేత్రం మీటరుకు నలభై ఏభై వోల్టులు.

ఈ రెండు లెక్కలూ చూశాక భౌతికశాస్త్రజ్ఞులు చాలామంది పుస్తకం మూసేస్తారు. నేను మూయను. బంధం తెంచడం ఒక్కటే కణాన్ని పాడుచేసే దారి కాదు. ఆస్బెస్టాస్ నార ఏ ఫోటాన్‌నూ విసరదు, అయినా ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ పుట్టిస్తుంది. తరంగం డీఎన్‌ఏను నేరుగా తెంచలేదని భౌతికశాస్త్రం గట్టిగా చెప్పగలదు. వేరే దారిలో ఏమీ జరగదని చెప్పాలంటే మాత్రం కణాన్నే అడగాలి. అడిగే పద్ధతిలో మొదటి చిక్కు వేడి.

ఫోన్ తరంగం కణంలోని నీటి అణువులనూ అయాన్లనూ ఊపుతుంది. ఆ ఊపు ఒరిపిడిగా, ఒరిపిడి వేడిగా మారుతుంది. ఇందులో ఎవరికీ వివాదం లేదు, మైక్రోవేవ్ ఓవెన్ నడిచేది ఇలాగే. కిలో కణజాలం ఎన్ని వాట్లు పీల్చుకుందో చెప్పే కొలత 'సార్'. మీ ఫోన్లో *#07# నొక్కితే చాలా ఫోన్లు ఆ అంకె చూపిస్తాయి. మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి పరిమితి కిలోకు 1.6 వాట్లు, ఒక గ్రాము కణజాలం మీద సగటు కట్టి. అంతర్జాతీయ మార్గదర్శకాల్లో తలకు 2 వాట్లు, పది గ్రాముల మీద సగటు. ఈ వాట్లు ఎంత పెద్దవో తెలియాలంటే మెదడునే చూడాలి. కిలో నాలుగు వందల గ్రాముల మెదడు ఏమీ ఆలోచించకుండా ఉన్నా సుమారు 20 వాట్లు ఖర్చు చేస్తుంది, అంటే కిలోకు 14. ఆ వేడినంతా నెత్తురు ఎప్పటికప్పుడు మోసుకుపోతుంది కాబట్టే మనం బతికి ఉన్నాం. ఫోన్ వల్ల అదనంగా పడే రెండు వాట్లనూ అదే మోసుకుపోతుంది. మెదడు వేడి పెరిగేది డిగ్రీలో పదో వంతు ప్రాంతంలో. అరగంట మాట్లాడాక చెవి కాలడానికి ముఖ్య కారణం బ్యాటరీ, పైగా ఫోన్ ఆనించి ఉంచడం వల్ల చెవికి గాలి తగలదు.

పెట్రి డిష్‌లో పెంచిన కణాలకు నెత్తురు ప్రవాహం లేదు. కిలోకు 2 వాట్ల చొప్పున తరంగం పడితే, వేడి బయటికి పోయే దారి లేకపోతే, అరగంటలో దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. కణానికి ఒక డిగ్రీ అంటే మాటలా! మనకు ఒక డిగ్రీ పెరిగితే జ్వరం అంటాం.

వేడికి కణం ఎంత చురుగ్గా స్పందిస్తుందో తెలిసింది కూడా ఒక ఇంక్యుబేటర్ పుణ్యమే. 1960ల మొదట్లో ఇటలీలో ఫెరుచ్చో రితోస్సా అనే యువ శాస్త్రజ్ఞుడు పండ్ల ఈగల లాలాజల గ్రంథుల్లో క్రోమోజోములు చూస్తున్నాడు. ఎవరో పొరపాటున ఇంక్యుబేటర్ వేడి పెంచారు. క్రోమోజోముల మీద అంతకు ముందు లేని ఉబ్బెత్తులు కనిపించాయి. వేడి తగలగానే కొన్ని జన్యువులు నిద్రలేచి పనిలో దిగుతున్నాయన్నమాట. 1962లో ఆయన ఆ సంగతి ప్రచురించాడు. ఆ జన్యువులు తయారుచేసేవే హీట్ షాక్ ప్రొటీన్లు. బాక్టీరియా నుంచి మనిషి దాకా అందరిలోనూ ఉన్నాయి. మిగతా ప్రొటీన్లు వేడికి వంకరపోకుండా కాపు కాసే పని వాటిది.

2000 సంవత్సరంలో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ డి పొమెరాయ్ బృందం 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం వేసింది. సన్నటి నులిపురుగులను 750 మెగాహెర్ట్జ్ తరంగంలో రాత్రంతా ఉంచితే వాటిలో హీట్ షాక్ జన్యువు పనిచేసిందట. పీల్చుకున్న శక్తి చూస్తే వేడి పుట్టించడానికి చాలనంత స్వల్పం. అంటే వేడి లేకుండానే తరంగం కణాన్ని మేల్కొలిపింది! ప్రపంచమంతా పత్రికలు ఎత్తుకున్నాయి. వేడి లేని ప్రభావానికి ఇదే రుజువని ఎన్నో వేదికల మీద వినిపించింది.

తర్వాత జరిగింది చాలామందికి తెలియదు. అదే బృందం తన పెట్టెనే అనుమానించింది. తరంగాన్ని నడిపే లోహపు పెట్టెలో కొంచెం శక్తి వృథా అయి వేడిగా మారుతోందని తేలింది. తేడా డిగ్రీలో ఐదో వంతు. పురుగులకు ఆ మాత్రం వేడి చాలు. అంత తేడా కూడా రాకుండా పెట్టెను మార్చి కట్టి చూస్తే ఆ ప్రభావం నిలబడలేదు. 2006లో వాళ్లే 'నేచర్' వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. శాస్త్రంలో నాకు ఇష్టమైన కథల్లో ఇదొకటి. మొదటి వార్త ముఖ పేజీల్లో వచ్చింది, రెండోది ఏ పేజీలోనూ వచ్చినట్టు లేదు.

ఇక అందరినీ భయపెట్టే డీఎన్‌ఏ దగ్గరికి వద్దాం. డీఎన్‌ఏ తెగిందో లేదో చూసే పరీక్షల్లో ప్రసిద్ధమైనది కామెట్ పరీక్ష. కణాలను అగరోజ్ జెల్‌లో కలిపి గాజుపలక మీద పరుస్తారు. కణం పొరను కరిగించి, క్షార ద్రావణంలో ఉంచి, విద్యుత్తు పెడతారు. తెగిన డీఎన్‌ఏ ముక్కలు కేంద్రకం నుంచి జారి తోకచుక్కలా సాగుతాయి. తోక ఎంత పొడవుంటే నష్టం అంత. ఈ పరీక్షకు ఇప్పుడున్న క్షార రూపాన్ని 1988లో తీర్చిదిద్దినవారిలో నరేంద్ర పి. సింగ్ ముఖ్యుడు. ఆయనే సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ లాయ్‌తో కలిసి ఎలుకలను 2450 మెగాహెర్ట్జ్ తరంగంలో రెండు గంటలు ఉంచి, వాటి మెదడు కణాల్లో డీఎన్‌ఏ తెగినట్టు 1995లో ప్రకటించాడు. తీవ్రత కిలోకు 0.6, 1.2 వాట్లు. ఫోన్ పరిమితికి లోపలే!

సెయింట్ లూయిస్‌లో ఇంకో బృందం ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసింది. దానికి మోటరోలా కంపెనీ డబ్బు ఇచ్చింది. వాళ్లకు ఏమీ కనబడలేదు. పైగా ఎలుకను ఎలా చంపారు, చంపాక కణాలు తీయడానికి ఎంతసేపు పట్టింది అన్నదాన్ని బట్టే తోకల పొడవు మారిపోతోందని 1998లో రాశారు. కార్బన్ డై ఆక్సైడ్‌తో ఊపిరాడకుండా చేసి చంపితే తరంగంతో పనిలేకుండానే డీఎన్‌ఏ దెబ్బతింటుంది. ఎవరిది సరైనదో ఇప్పటికీ వాదన ఉంది. డబ్బు ఎవరిదన్న ప్రశ్న చిన్నదేమీ కాదు. 2007లో స్విట్జర్లాండ్ పరిశోధకులు 59 ప్రయోగాలను డబ్బు వచ్చిన చోటును బట్టి విడదీసి చూస్తే, కేవలం పరిశ్రమ సొమ్ముతో నడిచిన వాటిలోనే 'ప్రభావం ఉంది' అన్న ఫలితం అన్నిటికంటే అరుదుగా వచ్చింది. ఆ సంగతి గుర్తుంచుకోవాలి. కానీ డబ్బు మోటరోలాది అయినంత మాత్రాన చచ్చిన ఎలుక కణాల్లో జరిగే మార్పు అబద్ధమైపోదు.

యూరప్‌లోనూ ఇదే కథ. యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచిన 'రిఫ్లెక్స్' అనే పెద్ద పథకంలో భాగంగా వియన్నా బృందం, మనిషి చర్మపు ఫైబ్రోబ్లాస్ట్ కణాల మీద 1800 మెగాహెర్ట్జ్ తరంగాన్ని ఐదు నిమిషాలు వేసి, పది నిమిషాలు ఆపి, అలా పదహారు గంటలు నడిపితే డీఎన్‌ఏ తెగిందని 2005లో రాసింది. జర్మనీలోని ఉల్మ్‌లో అవే కణాలతో, అదే పద్ధతిలో 2007లో చేసినప్పుడు తెగలేదు. వియన్నా ఫలితాల మీద ఆ తర్వాత పెద్ద రభసే జరిగింది.

ఒకరికి వచ్చినది ఇంకొకరికి రాకపోతే సామాన్యుడు ఏమనుకోవాలి? ఈ ప్రశ్న హైదరాబాదు వాళ్లకు కొత్త కాదు. 1975లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి ఒక వ్యాసం వచ్చింది. పోషకాహార లోపం ఉన్న పిల్లలకు, గామా కిరణాలు పెట్టి వెంటనే వండిన గోధుమలు తినిపిస్తే, వాళ్ల తెల్లకణాల్లో కొన్నిటికి క్రోమోజోముల జతలు ఎక్కువయ్యాయన్నది దాని సారం. గుంపుకు ఐదుగురు పిల్లలు, అలాంటివి మూడు గుంపులు. ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ల ప్రయోగాల్లో అలా జరగలేదు. కేంద్ర ప్రభుత్వం నియమించిన కమిటీ 1976లో ఆ లెక్కలు హానిని రుజువు చేయడం లేదని తేల్చింది. ఒక్కో బిడ్డ నుంచి లెక్కించిన కణాలు చాలా తక్కువ, కొన్ని గుంపుల్లో మామూలుగా ఉండవలసిన తేడా కూడా కనబడలేదన్నది ముఖ్యమైన అభ్యంతరం. గామా కిరణం వేరు, ఫోన్ తరంగం వేరు, ఒప్పుకుంటాను. కణాలు లెక్కపెట్టే చిక్కు మాత్రం ఒకటే. సూక్ష్మదర్శినిలో అరుదైన దాన్ని వెతుకుతున్నప్పుడు, ఏ పలక తరంగం పడినదో చూసేవాడికి తెలిస్తే, కన్ను మనసుకు తోడుపోతుంది. అందుకే పలకల మీద పేర్లు తీసేసి కోడు అంకెలు వేయాలి.

అమెరికాలో శాన్ అంటోనియోలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రంలో విజయలక్ష్మి, థామస్ ప్రిహోడా అనే ఇద్దరు 1990 నుంచి 2011 దాకా మనిషి కణాల మీద వచ్చిన 88 వ్యాసాలను ఒక్కచోట చేర్చి లెక్క కట్టారు. తరంగం పడిన కణాలకూ పడనివాటికీ మధ్య తేడా మొత్తం మీద చాలా తక్కువ. ఆ తేడా కూడా, మామూలు మనుషుల కణాల్లో సహజంగా కనిపించే హెచ్చుతగ్గుల లోపలే ఉంది. నన్ను ఆపింది వాళ్ల ఇంకో ఫలితం. కోడు వేసి చూసిన ప్రయోగాలు, తీవ్రతను జాగ్రత్తగా కొలిచినవి, తరంగం లేకుండా మిగతాదంతా అలాగే చేసే 'షామ్' గుంపు పెట్టినవి, ఇలాంటి వాటిలో తేడా ఇంకా చిన్నదయింది. ప్రయోగం బాగుపడేకొద్దీ ప్రభావం కరిగిపోతోంది. నిజమైన ప్రభావం సాధారణంగా ఇలా ప్రవర్తించదు. జాగ్రత్త పెరిగితే స్పష్టం కావాలి గానీ మసకబారకూడదు.

పైగా డీఎన్‌ఏ తెగడం మన కణాలకు నిత్యకృత్యం. తిన్నది అరిగినందుకు, గాలి పీల్చినందుకు ఒక్కో కణంలో రోజుకు పదివేలకు పైగా చిన్న చిన్న గాయాలు అవుతూనే ఉంటాయి. వాటిని అతికే యంత్రాంగాన్ని విప్పి చెప్పినందుకే థామస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

అయితే కణంలో డీఎన్‌ఏ ఒక్కటే లేదు. ఫిన్లాండ్ రేడియేషన్ భద్రతా సంస్థలో దారియుష్ లెష్చిన్స్కి బృందం 2002లో మనిషి రక్తనాళపు కణాల మీద 900 మెగాహెర్ట్జ్ తరంగం గంటసేపు వేసి, హెచ్‌ఎస్‌పీ 27 అనే ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ తగులుకోవడం పెరిగిందని చూపింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో 2007లో 875 మెగాహెర్ట్జ్ తరంగం పడిన కొద్ది నిమిషాలకే కణ సంకేతాల గొలుసు ఒకటి కదిలింది. ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్‌లో 2009లో మనిషి శుక్రకణాలపై చేసిన ప్రయోగంలో మైటోకాండ్రియా నుంచి ఆక్సిజన్ రాడికల్స్ పెరిగాయి, కదలిక తగ్గింది. ఆ చివరిదాన్ని పట్టుకుని చొక్కా జేబుకు, ప్యాంటు జేబుకు వాస్తు చెప్పేవాళ్లు బయల్దేరారు. ఆ ప్రయోగంలో తీవ్రత కిలోకు 0.4 నుంచి 27.5 వాట్ల దాకా వెళ్లిందని మాత్రం చెప్పరు. 27.5 అంటే మన పరిమితికి పదిహేడు రెట్లు.

ఈ ఫలితాలను నేను తోసిపుచ్చను. కానీ ఒక ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ తగులుకుంది అనడానికీ, కణానికి హాని జరిగింది అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఒక కప్పు కాఫీ తాగినా, మెట్లెక్కినా, చన్నీళ్లు పోసుకున్నా మన కణాల్లో వందల ప్రొటీన్లకు ఫాస్ఫేట్లు తగులుకుంటాయి, ఊడతాయి. స్పందించడం బతికి ఉన్న కణం లక్షణం. స్పందన ఆగకుండా సాగి, కణం మరమ్మతు శక్తిని దాటిపోతేనే హాని. ఆ దూరాన్ని ఏ ప్రయోగం కొలిచిందో అడగాలి. ఆక్సిజన్ రాడికల్స్ మీద వచ్చిన ప్రయోగాలన్నిటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 2024లో సమీక్షించినవాళ్లు కూడా, వాటిలో చాలావాటి విశ్వసనీయత చాలా తక్కువని రాశారు.

మనిషి మెదడు మీదనే చేసినవీ ఉన్నాయి. 2011లో అమెరికాలో నోరా వోల్కోవ్ బృందం 47 మందికి చెవి దగ్గర ఫోన్ ఏభై నిమిషాలు ఆన్ చేసి ఉంచి, యాంటెనాకు దగ్గరున్న మెదడు భాగంలో గ్లూకోజ్ వాడకం సుమారు 7 శాతం పెరిగిందని స్కాన్‌లో చూపింది. అదే ఏడాది ఫిన్లాండ్‌లో 13 మంది యువకులతో చేసినదాంట్లో అది తగ్గింది! రెండూ పేరున్న ప్రయోగశాలలే.

ఇంతవరకూ చెప్పింది విని ఇక నిశ్చింతగా ఉండొచ్చనుకుంటే, ఇంకో రెండు పనుల గురించి చెప్పాలి. అవి నాకు నిద్ర చెడగొట్టకపోయినా, నన్ను తొందరపడనివ్వవు. జర్మనీలో అలెగ్జాండర్ లెర్చ్ల్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఫోన్ భయాలను గట్టిగా విమర్శించేవాడు. వియన్నా ఫలితాల అంకెల మీద అనుమానం లేవదీసినవారిలో ఆయన ముందున్నాడు. అంతకు ముందు ఇంకొకరు చేసిన ఒక ఎలుకల ప్రయోగాన్ని ఆయనే బ్రెమెన్‌లో మళ్లీ చేశాడు. తల్లి కడుపులో ఉండగా క్యాన్సర్ పుట్టించే రసాయనం ఇచ్చిన చిట్టెలుకలను ఫోన్ తరంగంలో పెంచితే ఊపిరితిత్తుల్లో, కాలేయంలో కణితులు పెరిగాయి. లేదని చూపుతాడనుకున్నవాడు ఉందని 2015లో ప్రచురించాడు. ఒక మెలిక ఉంది. కిలోకు 0.04 వాట్ల దగ్గరా, 2 వాట్ల దగ్గరా ఫలితం ఇంచుమించు అలాగే వచ్చింది. తీవ్రత ఏభై రెట్లు పెరిగినా ప్రభావం దానితోపాటు పెరగలేదు. ఎందుకో ఇప్పటికీ ఎవరూ తృప్తిగా చెప్పలేదు.

రెండోది అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం. 2018లో తుది నివేదిక వచ్చింది. ఎలుకలకు రోజుకు తొమ్మిది గంటలు, రెండేళ్లు, ఒంటి మొత్తం మీద కిలోకు 1.5, 3, 6 వాట్లు. అత్యధిక మోతాదులో 90 మగ ఎలుకల్లో ఒక రకం సిగ్నల్‌తో ఐదింటికి, మరో రకంతో ఆరింటికి గుండెలో ష్వానోమా అనే అరుదైన కణితి వచ్చింది. తరంగం పడని 90లో ఒక్కదానికీ రాలేదు. ఆడ ఎలుకల్లో ఇంత స్పష్టంగా లేదు. విచిత్రమేమిటంటే, తరంగం పడిన మగ ఎలుకలు పడనివాటికంటే ఎక్కువ కాలం బతికాయి. 6 వాట్లు అంటే, మనుషుల ఒంటి మొత్తానికి అంతర్జాతీయంగా పెట్టిన 0.08 వాట్ల పరిమితికి 75 రెట్లు. అంత తీవ్రతలో ఎలుక ఒళ్లు వేడెక్కుతుంది. మాస్టారి ప్రశ్న ఇక్కడికీ వచ్చింది చూడండి. జపాన్, కొరియా శాస్త్రజ్ఞులు కలిసి ఇందులో కొంత భాగాన్ని, 4 వాట్ల దగ్గర, మగ ఎలుకల్లో మళ్లీ చేపట్టారు.

మనుషుల లెక్కలు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే వాటి మీద పత్రికల్లో చాలా వచ్చింది. 13 దేశాల్లో జరిగిన 'ఇంటర్‌ఫోన్' అధ్యయనం 2010లో వెలువడింది. మొత్తం మీద ఫోన్ వాడేవాళ్లలో మెదడు గ్లియోమా ముప్పు తగ్గినట్టు, జీవితం మొత్తంలో 1640 గంటలకు పైగా మాట్లాడినవాళ్లలో నలభై శాతం పెరిగినట్టు రెండూ తేలాయి. ఫోన్ మెదడును కాపాడుతుందని ఎవరూ నమ్మరు. జబ్బు పడ్డవాళ్ల జ్ఞాపకాల మీద ఆధారపడిన లెక్క అది. కొందరు రోజుకు 12 గంటలకు పైగా మాట్లాడామని చెప్పారు! 2011 మేలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఈ తరంగాలను 2బీ వర్గంలో, అంటే 'క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉంది' అన్న వర్గంలో పెట్టింది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం చేసిన సమీక్ష మనుషుల్లో ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదంది. క్యాన్సర్ పరిశోధనా సంస్థ మాత్రం తన 2011 నిర్ణయాన్ని తిరిగి చూడవలసిన అంశాల్లో పెట్టుకుంది. నా అభిప్రాయం అడిగితే, ఫోన్ మామూలుగా వాడే పెద్దవాళ్లకు మెదడు క్యాన్సర్ ముప్పు ఉందంటే నేను నమ్మను. చిన్నప్పటి నుంచీ వాడుతూ యాభై ఏళ్లు దాటినవాళ్లు ఇంకా ఎవరూ లేరు కాబట్టి, వాళ్ల గురించి ఇప్పుడే తీర్పు చెప్పను.

కాలనీల్లో టవరు వద్దని ధర్నాలు జరుగుతుంటాయి. మన దేశంలో టవర్లకు పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాట్లు. కానీ తల పీల్చుకునేదాంట్లో పెద్ద వాటా టవరుది కాదు, చెవికి ఆనించిన ఫోన్‌ది. టవరు దూరమైతే సిగ్నల్ అందుకోవడానికి ఫోన్ తన శక్తి పెంచుకుంటుంది. పల్లెల్లో ఫోన్లు పట్నాల్లోవాటికంటే ఎక్కువ సేపు గరిష్ఠ శక్తితో పనిచేస్తున్నాయని స్వీడన్‌లో 2004లోనే కొలిచి చూశారు. టవరును ఊరవతలకి తోసి, ఒక్క గీత సిగ్నల్‌తో గంటసేపు ముచ్చట్లాడేవారు ఎవరి మీద కోపం ఎవరి మీద చూపిస్తున్నట్టు? మనవళ్లకు చెప్పదలిస్తే ఇది చెప్పండి: సిగ్నల్ తక్కువున్న చోట, లిఫ్టులో, కదిలే రైల్లో పొడవాటి మాటలు వద్దు, మాట్లాడితే స్పీకరు పెట్టి ఫోన్ చేతిలో పట్టుకోండి. ఒక జానెడు దూరం జరిగితే తల మీద పడేది చాలావరకు తగ్గిపోతుంది. రేడియేషన్‌ను పీల్చేస్తుందని అమ్మే స్టిక్కర్లు కొనకండి. అవి నిజంగా అడ్డుకుంటే ఫోన్ ఇంకా గట్టిగా అరవవలసి వస్తుంది.

5జీ గురించి అడుగుతారని తెలుసు. మన దేశంలో 2022 అక్టోబరులో మొదలైన 5జీ ఎక్కువగా 3300 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో నడుస్తోంది, పాత తరంగాలకు దగ్గరి చుట్టమే. వేలంలో అమ్మిన 26 గిగాహెర్ట్జ్ తరంగం చర్మంలో ఒక మిల్లీమీటరు దాటి పెద్దగా లోపలికి పోదు. కాబట్టి ప్రశ్న మెదడు నుంచి చర్మానికి మారుతుంది. బ్రెమెన్‌లోనే 2025లో మనిషి చర్మపు కణాలను 27, 40.5 గిగాహెర్ట్జ్ తరంగాల్లో, పరిమితికి పది రెట్ల దాకా, 48 గంటల దాకా ఉంచి చూశారు. జన్యువుల పనిలో గానీ, డీఎన్‌ఏ మీద పడే మిథైల్ ముద్రల్లో గానీ మార్పు దొరకలేదు. ఒక్క ప్రయోగంతో ముగించే విషయం కాదు, కానీ ఎలా చేయాలో చూపిన ప్రయోగం.

ఈ స్మారక నిధిలో ఏటా కొంత సొమ్ము విద్యార్థుల పరిశోధనకు ఇస్తారని విన్నాను. మన విశ్వవిద్యాలయాల్లో ఈ ప్రశ్న మీద చేయదలిచిన పిల్లలు ఉంటే వాళ్లకు ఒక మాట. కణాల పక్కన మామూలు ఫోన్ పెట్టి రింగ్ ఇచ్చి చేసే ప్రయోగం వద్దు. అలాంటివి మన దేశం నుంచి చాలా వచ్చాయి. కణాల మీద ఎంత తరంగం పడిందో వాటిలో ఎవరికీ తెలియదు. తరంగాన్ని సమంగా పంచే గది ఒకటి కట్టించుకోవాలి, దానికి ఎలక్ట్రానిక్స్ శాఖ వాళ్ల చేయి కావాలి. లోహం ఉన్న మామూలు థర్మామీటరు తరంగాన్నే చెదరగొడుతుంది కనుక ఫైబర్ ఆప్టిక్ థర్మామీటరు కొనాలి, డిష్‌లోనే పెట్టాలి, డిగ్రీలో ఇరవయ్యో వంతు తేడా కూడా పట్టాలి. తరంగం లేని గది కూడా అదే ఫ్యాను, అదే చప్పుడు, అదే వేడితో నడవాలి. డీఎన్‌ఏ కచ్చితంగా తెగుతుందని తెలిసిన గామా కిరణాల గుంపు ఒకటి పక్కన ఉండాలి, లేకపోతే మీ కామెట్ పరీక్ష పనిచేస్తోందో లేదో మీకే తెలియదు. పలకల కోడు వేరే శాఖవాళ్ల బీరువాలో ఉంచి, తోకలన్నీ కొలిచి, లెక్కల కాగితం మీద తేదీ వేసి సంతకం చేశాకే తాళం అడగండి. ఖర్చులో ఎక్కువ భాగం థర్మామీటరుకే పోతుంది, ముందే చెబుతున్నాను.